అనంతగిరి లోయలో విడిది

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున పూర్వము మాదాపురమను చిన్న గ్రామముండెడిది. చుట్టును బోడిగుట్టలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న రాతిగుండ్లు, నడుమ నడుమ సీతాఫలపు పొదలు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. ఆ ప్రదేశము హైటెక్ సిటీ యని ప్రసిద్ధి కెక్కినది. ఆ పేరునకు ఉన్నత సాంకేతిక విద్య యని మాత్రమే పలువురు అర్థము చెప్పుదురు. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ యను పొడుగు పేరులోని తొలి అక్షరములను కూర్చి చేసిన పేరది. నేడు మాదాపురము మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల వరకు అద్దాల మేడలు బారులు తీరి నిలిచియున్నవి. లక్షలాది యువతీయువకులు వానిలో కంప్యూటరుల ముందు కూర్చుండి పనిచేయుచున్నారు.

వారి పనికి పగలు రాత్రి యను భేదము తక్కువ. అమెరికావారికి పగలైనపుడు మనకు రాత్రి. అచ్చటివారితో మాటలాడవలసినవాడు ఇచ్చట మేలుకొనియుండవలెను. పని ముగించి బయటకు వచ్చినచో బండ్ల రొద, కట్టడముల రొద. మనదేశమున 2000వ సంవత్సరమున చేయబడిన శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రదేశములలో రాత్రి పది గంటల నుండి ఉదయమారు గంటల వరకు ధ్వని 45 డెసిబెలులకు మించరాదు. రాయదుర్గము కూడలిలో నిలిచి ఈ సంఖ్యను తలచుకొన్నవానికి నవ్వు రాక మానదు.

కాబట్టి వారములో అయిదు దినములు అట్లు గడిపినవారు ఆరవ దినమున నిశ్శబ్దమును వెదకికొనుచు బయలుదేరుట వింత కాదు. వారిలో ననేకులు చేరు చోటు, నగరమునకు పడమట రమారమి 75 కిలోమీటర్ల దూరమున, వికారాబాదు పట్టణమునకు చేరువనున్న అనంతగిరి కొండలు. అచ్చటి లోయల అంచున గుడారములు వేసికొని ఒక రాత్రి గడిపి మరునాడు మరలి వత్తురు. దీనికే క్యాంపింగు అని పేరు. తెలుగున విడిది యన్నను, శిబిరమన్నను సరిపోవును.

విడిది చేయుట మనవారికి క్రొత్త కాదు. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడన వంట చేసికొని బంధుమిత్రులతో భుజించు వనభోజనములు తరతరములుగా నున్నవే. జీవనోపాధికై విడుదులలోనే కాలము గడపిన జాతి యొకటి కలదు. ఎడ్లపై ఉప్పును ధాన్యమును మోపించుకొని దక్కనుదేశమంతట తిరిగి, సైన్యములకు సైతము తిండిగింజలు చేరవేసిన బంజారాలు వారు. వారినే లంబాడీలందుము. నగరమునందలి బంజారాహిల్స్‌కు ఆ పేరు వారివలననే వచ్చినది. వికారాబాదు ప్రాంతమున నేటికిని వారి తండాలు పెక్కులు కలవు. ఇక పాఠశాలల బాలురకు విడిదిని ఒక విద్యగా నేర్పినవాడు ఇంగ్లండుదేశపు సేనాని బేడెన్ పవెల్. 1907వ సంవత్సరము ఆగస్టు మాసమున ఆయన బ్రౌన్‌సీ యను చిన్న ద్వీపమునకు ఇరువదిమంది బాలురను తోడుకొనిపోయెను. వారిలో గొప్ప పాఠశాలలలో చదువు ధనికుల పిల్లలుండిరి, కష్టజీవుల పిల్లలును ఉండిరి. అందరును ఒకే తీరున గుడారములలో పరుండి, ఒకే తీరున పని చేసిరి. స్కౌటు ఉద్యమము అందుండి పుట్టినది. మనదేశమున భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ 1950లో ఏర్పడినది.

అనంతగిరికి పోవు బాట నగరపు బాహ్యవలయ రహదారిని దాటి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగును. ఈ దారికి ఇరుప్రక్కల ఊడలు దింపిన మర్రిచెట్లు సుమారు 900 వరకు ఉండెడివి. దారిని వెడల్పు చేయబూనినపుడు వీనిని కాపాడవలెనని కొందరు జాతీయ హరిత న్యాయస్థానము నాశ్రయించిరి. మర్రుల వరుస ముగిసిన కొంత దూరమునకు నేల ఎరుపెక్కును. వికారాబాదు దాటగానే దారి వంపులు తిరుగుచు కొండ నెక్కును.

హిమాలయములను చూచి వచ్చినవారు దీనిని కొండ యనుటకు, దీని పల్లమును లోయ యనుటకు సంకోచింతురు. సముద్రమట్టమునకు 600 మీటర్లు దాటిన ఎత్తు మాత్రమే. అయినను దీని పుట్టుక సామాన్యమైనది కాదు. ఆరున్నర కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమునుండి లావా పొరలు పొరలుగా వెలికి వచ్చి దక్కను పీఠభూమిలో గొప్ప భాగమును కప్పివేసినది. ఆ లావా గట్టిపడగా నల్లరాయి యయ్యెను. ఆ రాతి పైభాగము ఎండకు వానకు యుగముల తరబడి మాగి, ఇనుము మిగిలి, ఎర్రని చిల్లుల రాయిగా మారెను. దీనిని లేటరైటు అందురు. ఈ చిల్లుల రాయియే అనంతగిరికి ప్రాణము. వర్షాకాలమున పడిన నీటిని అది తేనెపట్టువలె లోన దాచుకొనును. రాలిన ఆకులు, చెట్లవేళ్లు వాననీటిని నేలమీద పరుగెత్తనీక లోనికి దింపును. అట్లు దాగిన నీరు వానలు వెనుకబట్టిన తరువాత కూడ కొండ పాదమున ఊటలుగా మెల్లమెల్లగా వెలువడుచుండును. అడవిని నరికివేసిన కొండపై ఇదే వాన ఒక్క పూటలో బురదనీరై పోవును.

ఆ ఊటలలోనుండియే మూసీనది పుట్టినది. అనంతపద్మనాభస్వామి ఆలయమున్న ఈ కొండలే దాని జన్మస్థానము. ఇచ్చటి గుడారమునుండి బయటకు వచ్చి ఒక యువకుడు దోసిట పట్టు నీరు, తూర్పుగా ప్రవహించి శంకరపల్లి మీదుగా గండిపేట చెరువున చేరును. ఆ చెరువు, అతడు పనిచేయు మేడకు కొలది కిలోమీటర్ల దూరముననే యున్నది. కొండను చూడవచ్చినవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలియునో చెప్పజాలము.

గండిపేట చెరువు పుట్టుటకు ఒక దుర్దినము కారణము. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి ఘోరమైన వరద వచ్చి హైదరాబాదు నగరమును ముంచివేసెను. సుమారు 15,000 మంది మరణించిరి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి; ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నేటికిని కలదు. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. నదిని నగరములో అడ్డగించి ప్రయోజనము లేదు, నగరమునకు ఎగువననే నిలుపవలెనని ఆయన సలహా. అట్లు మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఉస్మాన్‌సాగరునే గండిపేట యందురు. వరదను ఆపుటకు కట్టిన చెరువులు నగరమునకు త్రాగునీటి నొసగినవి. నేడు పెరిగిన నగరమునకు కృష్ణా, గోదావరి, మంజీరా జలములే అధికముగా వచ్చుచున్నను, ఈ రెండు చెరువులు పనిలేనివి కాలేదు. వీని చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, నీటిని పాడుచేయు కర్మాగారములు, పెద్ద కట్టడములు కూడవని 1996 మార్చిలో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువు నిచ్చినది. ఆ నిర్బంధములను సడలించుచు 2022 ఏప్రిలులో మరియొక ఉత్తరువు వెలువడినపుడు వాదోపవాదములు మిక్కిలిగా జరిగినవి. అవి చెరువుల చుట్టును జరిగిన వాదములు. చెరువునకు నీరు వచ్చు కొండమీద గుడారము వేయువాడు ఏమి చేయుచున్నాడన్నది అంతకంటె చిన్న విషయముగా కనబడును గాని, నీరు ముందుగా చూచునది వానినే.

ఇక విడిది సంగతి. హైటెక్ సిటీ నుండి ఎనిమిదిమంది స్నేహితులు కార్తికమాసమున ఒక శనివారము అనంతగిరికి బయలుదేరిరని అనుకొందము. రిజర్వు అడవిలో అనుమతి లేక ప్రవేశించుటను, నిప్పు వేయుటను 1967 నాటి అటవీచట్టము నిషేధించినది. కావున వారు అడవి యంచుననున్న, విడిదికి అనుమతి గల స్థలమును ముందుగా విచారించుకొని వచ్చినారు. ఇది మొదటి పని. తక్కిన వన్నియు దీని తరువాతివి.

వారు లోయలోనికి దిగునప్పటికి సాయంకాలము నాలుగు గంటలైనది. పల్లమున ఒక ఎండిన వాగు. దాని గర్భమున తెల్లని ఇసుక పరుపు పరచినట్లున్నది. అందరి కన్ను దానిపై పడినది. గుడారపు సంచి విప్పుచుండగా పశువులను తోలుకొని పోవుచున్న తండా వృద్ధు డొకడు నిలిచి చూచెను.

"బిడ్డా, అచ్చట వేయుచున్నారేమి?"

"తాతా, ఇసుక మెత్తగా నున్నది. రాళ్లు లేవు. హాయిగా నిద్రపట్టును."

"అది వాగు పండుకొను చోటు. మీరు పండుకొను చోటు కాదు."

"వాగులో నీరే లేదుగదా తాతా! ఆకాశమున మబ్బును లేదు."

వృద్ధుడు నవ్వి, ఒడ్డున నున్న పొదను కర్రతో చూపెను. నడుమెత్తున, కొమ్మల సందులలో, ఎండుగడ్డి, పుల్లలు, ఒక చినిగిన ప్లాస్టిక్ సంచి చిక్కుకొని యుండెను. "మొన్నటి వానకు నీరు అంతవరకు వచ్చినది. వాన ఇచ్చట పడనక్కర లేదు. కొండపైన పడిన చాలును."

చెత్త చిక్కుకొన్న ఎత్తు నీటి ఎత్తును చెప్పును. ఈ ఆనవాలు ఏ పుస్తకము లేకనే ఎవ్వరైనను చదువవచ్చును. వాగున పరుండకుండుటకు మరియొక కారణము కూడ కలదు. నిర్మలమైన రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. నేల నంటియున్న గాలియు చల్లబడి బరువెక్కి, నీరు జారినట్లే వాలువెంట జారి లోయ అడుగున చేరును. అందుచేత తెల్లవారుజామున లోయ అడుగునకంటె దానికి కొన్ని గజముల పైనున్న చోటు వెచ్చగా నుండును. పల్లపు పొలములలో మంచు ముందుగా పట్టుట చూచిన రైతుబిడ్డలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు.

స్నేహితులు పైనున్న చదునైన నేలకు మారిరి. తల పైకెత్తి చూచి, ఎండిన కొమ్మలున్న చెట్టు క్రింద గుడారము వేయలేదు. చీమల బారులున్న చోటును విడిచిరి. గుడారము వేయుట చూచుటకు సులభముగా నుండును. మేకులను లోనికి వాల్చి కొట్టవలెనో వెలుపలికి వాల్చి కొట్టవలెనో తెలియక వారు అరగంట తన్నులాడిరి. మేకు తల గుడారమునకు ఎదురుదిక్కుగా వాలియుండవలెను. అప్పుడే త్రాడు లాగినకొలది మేకు బిగియును. చలికి భయపడి గుడారపు గవాక్షములన్నియు మూసివేయుట మరియొక పొరపాటు. లోపలివారి ఊపిరిలోని తేమ చల్లని గుడ్డకు తగిలి నీటిబొట్లై వారిపైననే కురియును. కొంచెము గాలి ఆడనిచ్చినవాడే పొడిగా నిద్రించును. బూట్లను బయట విడిచినవాడు ఉదయమున వానిని దులిపి తొడుగుకొనవలెను. తేలు కూడ రాత్రి విడిదిని వెదకికొనును.

అన్నిటికంటె ఆలోచింపవలసినది నిప్పు. అనంతగిరి అడవి ఆకు రాల్చు అడవి. టేకు, తునికి, మోదుగ మొదలగు చెట్ల ఆకులు చలికాలము గడచినకొలది రాలి నేలపై దట్టముగా పరుచుకొనును. ఫిబ్రవరి మొదలు మే వరకు ఆ పరుపు ఎండి, నిప్పురవ్వకై ఎదురుచూచుచుండును. అడవిమంట చెట్ల కొనలకు ఎక్కకపోవచ్చును, నేలమీద ప్రాకిపోవును. అట్లు ప్రాకినపుడు పెద్ద చెట్లు బ్రతుకును గాని, ఆ యేడు మొలచిన మొక్కలు, నేలపై గూడు పెట్టిన పక్షుల గ్రుడ్లు, వాననీటిని ఆపవలసిన ఆకుల పరుపు బూడిదయగును. మరుసటి వర్షాకాలమున బోడి నేలపై పడిన వాన ఎర్రమట్టిని కోసికొని వాగులోనికి, వాగునుండి నదిలోనికి, నదినుండి చెరువులోనికి దింపును. చెరువు పూడుటకు ఒక సిగరెట్టుముక్క చాలునన్నచో అతిశయోక్తి వలె తోచును. కాని దారి అదే.

వేసవి నెలలలో అడవి యంచున నిప్పు పెట్టకుండుటయే మేలు. అనుమతించిన చోట, అనుమతించిన కాలమున పెట్టినను, ఇదివరకు మంట పెట్టిన మచ్చ యున్నచోటనే పెట్టవలెను. చుట్టును మూడు నాలుగు గజముల మేర ఆకులు ఊడ్చి, మన్ను బయటపడునట్లు చేయవలెను. పచ్చికొమ్మను విరువరాదు, అది మండదు, పొగ మాత్రమే ఇచ్చును. వంటకు చిన్న గ్యాసు పొయ్యి చాలును. నిద్రించుటకు ముందు మంటపై నీరు పోసి, కర్రతో కలియబెట్టి, మరల నీరు పోసి, అరచేతి వెనుకభాగమును బూడిదకు దగ్గరగా ఉంచి చూడవలెను. వేడి తగిలినచో నిప్పు చావలేదు. మట్టి కప్పి ఆర్పితిమనుకొనుట ప్రమాదము. మట్టి క్రింద నిప్పు గంటల తరబడి దాగియుండగలదు.

చీకటి పడినది. స్నేహితులలో ఒకడు బ్లూటూత్ స్పీకరును తెచ్చియుండెను. పాట మొదలయ్యెను. కొంతసేపటికి వారిలో ఒక యువతి, "ఈ పాట కార్యాలయపు బస్సులో దినమును వినుచునే యున్నాము. ఇంత దూరము వచ్చినది దీనికా?" అని అడిగినది. ఎవ్వరును బదులు చెప్పలేదు గాని, పాట ఆగినది.

పాట ఆగగానే నిశ్శబ్దము రాలేదు. మొదట చెవులలో గుయ్యిమను హోరు. అది పట్టణము వారి చెవులలో పెట్టి పంపినది. పది నిమిషములు గడచిన తరువాత కీచురాళ్ల మోత వినవచ్చినది. ఆ మోత నడుమ, నేలమీద ఎచ్చటనో కూర్చుండి, గట్టి మంచుపై రాయి దొరలినట్లు "చక్-చక్-చక్-ర్ర్" అను పక్షి యొకటి పలికినది. ఎండుటాకుల రంగు కలిగి, పగలు కాలిముందే యున్నను కనబడని పక్షి యది. రాత్రి రెక్కపురుగులను పట్టి తినును. దూరమున ఒక నెమలి ఏ అలికిడికో ఉలికిపడి కూసినది. అడవి రాత్రి నిద్రించునని తలంచుట పట్టణవాసుల పొరపాటు. అది రాత్రి చెవితో పనిచేయును. తెల్లగుడ్లగూబ పూర్తిగా చీకటి చేసిన గదిలో సైతము ఎలుక నడచిన అలికిడిని బట్టియే దానిని పట్టుకొనగలదని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అట్టి ప్రాణికి మన పాటపెట్టె ఎట్టిదనగా, పరీక్ష వ్రాయుచున్నవాని కన్నులపై చేయి కప్పినట్టిది.

తూర్పుకొండపై కృత్తికలు కనబడినవి. పల్లెలలో వీనిని పిల్లలకోడి యందురు. ఇంకను ప్రొద్దుపోయిన తరువాత, ఒకే వరుసలో మూడు చుక్కలతో గొల్లకావడి పైకి లేచినది. మాదాపురపు మేడలపై ఈ చుక్కలు లేకపోలేదు. దీపముల వెలుగు వానిని మ్రింగివేయుచున్నది. ఎనిమిదిమందిలో ముగ్గురు గొల్లకావడిని మొదటిసారి అప్పుడే చూచిరి. ఒకడు చరవాణితో చిత్రము తీయబోయి, నల్లని తెర తప్ప మరేమియు రాకపోగా, దానిని జేబులో పెట్టుకొనెను.

ఉదయమున చేయవలసిన పనులు అంత రమ్యమైనవి కావు. కాని విడిదిలో మంచిచెడ్డలు వీనిలోనే తేలును. మలవిసర్జనమునకు నీటికి 60 మీటర్లకు తక్కువ కాని దూరమున, జానెడు లోతు గుంట త్రవ్వి, పిమ్మట మట్టి కప్పవలెను. పైమట్టిలోని సూక్ష్మజీవులు మలమును త్వరగా మట్టిలో కలిపివేయును. అంతకంటె లోతైనచో వాని పని మందగించును. పళ్లెములను, ముఖములను వాగులో సబ్బుతో కడుగరాదు. నీటిని పాత్రలో తెచ్చుకొని దూరమున కడిగి నేలపై చల్లవలెను. అన్నము మిగిలినచో కోతులకు పెట్టుట దయ కాదు. తిండి మరిగిన కోతి రేపు వచ్చు పసిపిల్లవాని చేతిలోని పొట్లమును లాగికొనును. ప్లాస్టిక్ సీసా కుళ్లదు, కరగదు. ఎండకు ముక్కలై, ముక్కలు మరింత చిన్న ముక్కలై, వాననీటితో క్రిందికి పోవును.

తెచ్చిన సంచులు తిరుగుప్రయాణమున బరువు తగ్గవలెనని ఎల్లరు కోరుదురు. ఈ స్నేహితుల సంచులలో ఒకటి మాత్రము బరువెక్కినది. తమ చెత్తతోపాటు, అంతకుముందు వచ్చినవారు విడిచిపోయిన పదునాలుగు సీసాలను, వాగు ఒడ్డు పొదకు చిక్కుకొన్న ఆ చినిగిన సంచిని కూడ వారు దానిలో నింపిరి. ఆ సంచిని ఎవరు మోయవలెనను విషయమున కొంత తగవు జరిగి, వంతులవారీగా మోయుటకు నిశ్చయమైనది.

వారు దారి యెక్కునప్పటికి వృద్ధుడు పశువులతో మరల వచ్చెను. గుడారములున్న చోటికి పోయి, బూడిదను కాలితో కదిపి చూచెను. పశువులు ఊటయొద్దకు దిగి నీరు త్రాగుచుండెను.